వంతెన మీద ఫొటో దిగేముందు: అలబామా పౌరహక్కుల స్థలాలను ఎలా చూడాలి?

అమెరికాలో మనం ఉండే అట్లాంటా నుంచి పక్క రాష్ట్రం అలబామాకి, 1950, 60లలో నల్లవాళ్ళు సమాన హక్కుల కోసం పోరాడిన ఊళ్ళు చూపించడానికి బయల్దేరే పౌరహక్కుల టూర్లు చాలావరకు ఒకే చుట్టు తిరుగుతాయి. ముందు బర్మింగ్‌హామ్, తర్వాత సెల్మా, ఆ తర్వాత మాంట్‌గోమరీ, అక్కణ్ణుంచి మళ్ళీ అట్లాంటా. కొందరు ఇదే చుట్టును ఎదురు తిప్పుతారు. ఎలా తిప్పినా రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. తిరిగొచ్చినవాళ్ళని ఏం చూశారని అడిగితే, రోజా పార్క్స్ బస్సులో సీటు ఇవ్వలేదు, మార్టిన్ లూథర్ కింగ్ గొప్పగా మాట్లాడాడు, చర్చిలో బాంబు పేలింది, వంతెన మీద జనాన్ని కొట్టారు, తర్వాత చట్టం వచ్చింది అని చెబుతారు. అన్నీ నిజమే. ఏది ముందు, ఏది వెనక, దేనివల్ల ఏది జరిగింది అంటే మాత్రం తడుముకుంటారు.

తప్పు వాళ్ళది కాదు. బస్సు వెళ్ళే వరుసలో మొదట 1963 వస్తుంది, తర్వాత 1965, చివర 1955. పెళ్ళి ఆల్బమ్‌లో అప్పగింతలు ముందూ పెళ్ళిచూపులు వెనకా అతికించినట్టు ఉంటుంది. ఎదురు తిప్పినా చిక్కు పోదు: 1955, 1965, 1963. దీనికి తోడు ఒక్కో చోట ఒక్కో హీరో, ఒక్కో విగ్రహం. దాంతో ఎవరో ఒకరికి ఉన్నట్టుండి కోపం వచ్చి చరిత్ర మారిపోయిందనిపిస్తుంది.

నాకు అర్థమైనంతలో ఈ మూడు ఊళ్ళ కథ వేరు. ఎక్కడ నొక్కితే ప్రభుత్వం కదులుతుందో లెక్కవేసుకుని, మామూలు మనుషులు నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి పనిచేశారు. మాంట్‌గోమరీలో బస్సు కంపెనీ రాబడి మీద, కోర్టు మీద నొక్కారు. బర్మింగ్‌హామ్‌లో షాపుల మీద, జైళ్ళ మీద. సెల్మాలో ఓటరు నమోదు ఆఫీసు మీద. ఇది పట్టుకుంటే దారి ఎటు తిరిగినా కథ తప్పిపోదు. అందుకే ఇక్కడ బస్సు వరుస వదిలేసి కాలం వరుసలో చెబుతాను.

మాంట్‌గోమరీ, 1955: అడిగింది చాలా తక్కువ

అప్పటి మాంట్‌గోమరీ సిటీ బస్సులో 36 సీట్లు. ముందరి 10 తెల్లవాళ్ళవి. బస్సులో ఒక్క తెల్లవాడు లేకపోయినా వాటిలో నల్లవాళ్ళు కూర్చోకూడదు. వెనక సీట్లు నల్లవాళ్ళవి. మధ్య వరసలు డ్రైవరు ఇష్టం. నల్లజాతి ప్రయాణికులు ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపు దాకా నడిచి అక్కడ ఎక్కాలి. వాళ్ళు అటు వెళ్ళేలోపు డ్రైవరు బస్సు పోనిచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ బస్సుల్లో తిరిగేవాళ్ళలో సుమారు నాలుగింట మూడొంతుల మంది నల్లవాళ్ళే. అంటే కంపెనీ బతికేదే వాళ్ళ డబ్బుతో.

1955 డిసెంబర్ 1న రోజా పార్క్స్ తెల్లవాళ్ళ సీట్లో కూర్చోలేదు. ఆ పది సీట్ల వెనక వరసలో కూర్చుంది. ముందు సీట్లు నిండిపోయి ఒక తెల్లాయన నిలబడి ఉన్నాడు. అతనొక్కడి కోసం ఆ వరసలోని నలుగురూ లేవాలన్నాడు డ్రైవరు. తెల్లవాడి వరసలో నల్లవాళ్ళు కూర్చుని ఉండకూడదు మరి. ముగ్గురు లేచారు. ఆమె కిటికీ వైపు జరిగి కూర్చుంది.

ఆమె కాళ్ళు నొప్పెట్టి లేవలేదని పిల్లల పుస్తకాల్లో రాస్తుంటారు. అప్పటికామెకు 42 ఏళ్ళు. నల్లజాతీయుల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకు కార్యదర్శిగా చాలాకాలం పనిచేసింది. ఆ ఏడాది వేసవిలోనే టెనెసీలోని హైలాండర్ స్కూల్లో ఉద్యమ శిక్షణకు వెళ్ళొచ్చింది. అలిసిపోయిన కుట్టుపని మనిషిగానే ఆమెని చూపిస్తే అంతకుముందరి పన్నెండేళ్ళ పని ఎగిరిపోతుంది.

ఇంకో సంగతి. ఆమెకు తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, క్లాడెట్ కోల్విన్ అనే 15 ఏళ్ళ స్కూలు పిల్ల ఇదే ఊళ్ళో, ఇలాగే సీటు ఇవ్వనని చెప్పి అరెస్టయింది. అక్టోబరులో 18 ఏళ్ళ మేరీ లూయిస్ స్మిత్ కూడా. బస్సుల్లో వేర్పాటు (తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ విడదీసి కూర్చోబెట్టడం) చెల్లదని చివరికి కోర్టు తీర్పు తెచ్చింది వీళ్ళ కేసే. అరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, కోల్విన్, స్మిత్ తరఫున ఫ్రెడ్ గ్రే అనే యువ లాయరు 1956 ఫిబ్రవరి 1న ఫెడరల్ కోర్టులో వేసిన దావా అది. రోజా పార్క్స్ కేసు రాష్ట్ర కోర్టుల్లో నానుతోంది కాబట్టి ఆమె పేరు ఈ దావాలో లేదు. ఊళ్ళో విగ్రహం ఒకరిది, కేసు గెలిచినవాళ్ళు నలుగురు.

మరి పార్క్స్ అరెస్టు తర్వాత బస్సుల బహిష్కరణ (బాయ్‌కాట్) ఎలా మొదలైంది? అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే జో ఆన్ రాబిన్సన్, ఆమె నడిపే మహిళా రాజకీయ మండలి దీనికి ముందునుంచే సిద్ధంగా ఉన్నారు. బస్సుల్లో తీరు మారకపోతే బహిష్కరణ తప్పదని 1954 మేలోనే మేయరుకు ఉత్తరం రాసింది ఆమె. పార్క్స్ అరెస్టయిన రాత్రి ఇద్దరు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళి, తెల్లవార్లూ సైక్లోస్టైల్ యంత్రం తిప్పి వేలకొద్దీ కరపత్రాలు తీసింది. పొద్దున పాఠం చెప్పి, వాటిని కట్టలుగా ఊరంతా చేర్పించింది. సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి.

అది 381 రోజులు సాగింది. అన్ని రోజులు జనం పనికి ఎలా వెళ్ళారన్నది నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన భాగం. సుమారు 300 కార్లతో సొంత రవాణా నడిపారు. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ కారు ఏ వేళకు అనే లెక్కలన్నీ కాగితం మీద పెట్టుకున్నారు. పెట్రోలుకు డబ్బు కావాలి. జార్జియా గిల్మోర్ అనే వంటామె కొందరు ఆడవాళ్ళని కలుపుకుని వేయించిన చికెన్, కేకులు, పైలు చేసి అమ్మి, ఆ డబ్బు ప్రతివారం సభలో ఇచ్చేది. ఎవరు చేశారో తెలిస్తే తెల్లవాళ్ళ ఇళ్ళలో ఉద్యోగాలు పోతాయి కాబట్టి ఆ బృందానికి "ఎక్కడిదీ కాని క్లబ్బు" అని పేరు పెట్టుకున్నారు. ఊళ్ళోని బీమా కంపెనీలు కార్లకు బీమా ఆపేస్తే, లండన్‌లోని లాయిడ్స్ నుంచి తెచ్చుకున్నారు.

ఇంత చేసి వాళ్ళు మొదట అడిగిందేమిటి? వేర్పాటు పూర్తిగా తీసెయ్యమని కాదు. నల్లవాళ్ళు వెనకనుంచీ తెల్లవాళ్ళు ముందునుంచీ కూర్చుంటూ రావాలి, కూర్చున్నవాళ్ళని లేపకూడదు, డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, నల్లవాళ్ళు ఎక్కువగా తిరిగే రూట్లలో నల్లజాతి డ్రైవర్లని పెట్టాలి. అంతే. ఊరి పెద్దలు ఆ కాస్తకీ ఒప్పుకోలేదు. 1956 జనవరి 30న బాయ్‌కాట్‌ని ముందుండి నడిపిస్తున్న 27 ఏళ్ళ పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి వరండా మీద బాంబు వేశారు. రెండ్రోజుల తర్వాత కోర్టులో పడిన దావా సర్దుబాటు కోరలేదు, ఆ చట్టాన్నే కొట్టెయ్యమంది. నవంబర్ 13న, కార్ల రవాణాని ఆపించాలని మునిసిపాలిటీ వేసిన కేసులో కింగ్ కోర్టు హాల్లో కూర్చుని ఉండగా, సుప్రీంకోర్టు తమ వైపు తీర్పు ఇచ్చిందన్న వార్త చేరింది.

టూర్లో రోజా పార్క్స్ మ్యూజియం ఎలాగూ చూపిస్తారు. సౌత్ జాక్సన్ స్ట్రీట్‌లో కింగ్ కుటుంబం ఉన్న ఇల్లు కూడా చూపించమని అడగండి. బాంబు పడడానికి మూడు రోజుల ముందు, అర్ధరాత్రి ఫోన్లో చంపుతామన్న బెదిరింపు విన్నాక, కింగ్ కాఫీ కలుపుకుని ఒంటరిగా కూర్చుని భయపడింది ఆ ఇంటి వంటగదిలోనే. ఆ రాత్రి గురించి ఆయనే చెప్పుకున్నాడు.

బర్మింగ్‌హామ్, 1963: పిల్లలు ఎందుకు?

మధ్యలో ఒక ఓటమి ఉంది. 1961, 62లలో జార్జియాలోని ఆల్బనీలో పెద్ద ఉద్యమం నడిచింది. అక్కడి పోలీసు అధికారి లారీ ప్రిచెట్ తెలివైనవాడు. ఎవరినీ కెమెరాల ముందు కొట్టనివ్వకుండా, మర్యాదగా అరెస్టు చేసి, చుట్టుపక్కల ఊళ్ళ జైళ్ళలో సర్దేశాడు. వార్త లేదు, ఒత్తిడి లేదు, ఫలితం లేదు. ఆ పాఠంతోనే బర్మింగ్‌హామ్‌ని ఎంచుకున్నారు.

బర్మింగ్‌హామ్ ఉక్కు మిల్లుల ఊరు. నల్లవాళ్ళ ఇళ్ళ మీద, చర్చిల మీద ఎన్ని బాంబులు పడ్డాయంటే ఊరికి "బాంబింగ్‌హామ్" అనే పేరొచ్చింది. అక్కడి పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ ఇంటిని 1956 క్రిస్మస్ రాత్రి పేల్చేస్తే శిథిలాల్లోంచి లేచి వచ్చాడు. కింగ్‌ని ఆ ఊరికి పిలిచిందీ ఆయనే. పోలీసు శాఖ బుల్ కానర్ చేతిలో ఉంది. అతను ప్రిచెట్‌లా నిగ్రహంగా ఉండలేడని వాళ్ళకి తెలుసు.

1963 ఏప్రిల్‌లో, ఈస్టర్ కొనుగోళ్ళ సీజన్‌లో, ఊరి నడిబొడ్డు షాపుల్ని బహిష్కరించారు. షాపుల్లో డబ్బు తీసుకుంటారు గానీ బట్టలు తొడిగి చూసుకోనివ్వరు, టిఫిన్ కౌంటర్లో కూర్చోనివ్వరు. షాపు యజమానులు దిగొస్తే మునిసిపాలిటీ దిగొస్తుందని లెక్క. కానీ జైలుకెళ్ళడానికి పెద్దవాళ్ళు తగినంతమంది రాలేదు. వస్తే ఉద్యోగం పోతుంది, ఇంటి అప్పు నిలిచిపోతుంది. అప్పుడు జేమ్స్ బెవెల్ అనే యువ కార్యకర్త హైస్కూలు పిల్లల్ని దించుదామన్నాడు. పిల్లలకి పోయే ఉద్యోగాలు లేవు.

ఇది తేలిగ్గా మింగుడుపడే విషయం కాదు. ఆనాడు నల్లజాతి పెద్దల్లోనే చాలామంది వ్యతిరేకించారు. పిల్లల తల్లిగా నాకూ ఆ చోట గొంతు పట్టేస్తుంది. కానీ ఆ పిల్లలు ఎవరో తోస్తే వచ్చినవాళ్ళు కారు. హింసకు తిరగబడకుండా ఎలా నిలబడాలో శిక్షణ తీసుకున్నారు. మే 2న వెయ్యిమందికి పైగా పిల్లలు బడి మానేసి, 16వ వీధి బాప్టిస్ట్ చర్చి తలుపుల్లోంచి యాభై యాభైమందిగా పాడుకుంటూ బయటికొచ్చారు. ఒక జట్టుని వ్యానెక్కిస్తే ఇంకో జట్టు. జైళ్ళు నిండిపోయి, పిల్లల్ని ఎగ్జిబిషన్ మైదానంలో ఉంచాల్సొచ్చింది. మరుసటి రోజు కానర్ ఫైరింజన్ గొట్టాలు తిప్పాడు, కుక్కల్ని వదిలాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. మే 10న షాపుల వాళ్ళు ఒప్పందానికొచ్చారు. జూన్ 11న ప్రెసిడెంట్ కెనెడీ టీవీలో పౌరహక్కుల చట్టం తెస్తామన్నాడు. అది 1964 జులై 2న చట్టమైంది.

టూర్లో ఎక్కువమంది తారుమారు చేసుకునేది ఇక్కడే. చర్చిలో బాంబు పేలినందుకు పిల్లలు వీధుల్లోకి రాలేదు. పిల్లలు గెలిచిన తర్వాత, తెల్లవాళ్ళ స్కూళ్ళలో నల్లపిల్లల్ని చేర్చుకోవడం మొదలైన రోజుల్లో, పగతో ఆ చర్చిని ఎంచుకుని బాంబు పెట్టారు. 1963 సెప్టెంబర్ 15 ఆదివారం ఉదయం 10:22కి పేలింది. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కరోల్ రాబర్ట్‌సన్, వీళ్ళు ముగ్గురికీ 14 ఏళ్ళు. డెనీస్ మెక్‌నేర్‌కి 11. ఆడీ మే చెల్లెలు శారా బతికింది గానీ ఒక కన్ను పోయింది. అదే రోజు ఊళ్ళో ఇంకో ఇద్దరు మగపిల్లలు, జానీ రాబిన్సన్, వర్జిల్ వేర్, తుపాకి గుళ్ళకి చనిపోయారు. వాళ్ళ పేర్లు చాలా టూర్లలో వినబడవు. బాంబు పెట్టినవాళ్ళలో ఒకడికి 1977లో, మరొకడికి 2001లో, ఇంకొకడికి 2002లో శిక్ష పడింది. నాలుగోవాడు కేసే లేకుండా చనిపోయాడు.

చర్చికి ఎదురుగా కెల్లీ ఇన్‌గ్రామ్ పార్కు. అందులో ఒక దారికి రెండు పక్కలా గోడల్లోంచి కోరలు చాచిన పోలీసు కుక్కల విగ్రహాలు దూసుకొస్తుంటాయి. వాటి మధ్యలోంచే నడిచి వెళ్ళాలి. ఎత్తు తక్కువున్న పిల్లలకి ఆ కోరలు సరిగ్గా ముఖానికి ఎదురొస్తాయి. బోర్డు మీద ఎంత చదివినా రానిది అక్కడ ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

సెల్మా, 1965: రెండు సోమవారాలు

1964 చట్టం హోటళ్ళు, షాపులు, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. ఓటు దగ్గర మాత్రం చాలా బలహీనం. సెల్మా ఉన్న డాలస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఓటు వయసున్న నల్లజాతీయులు సుమారు 15,000 మంది ఉంటే నమోదైనవాళ్ళు 300 మంది లెక్కన ఉన్నారు. నమోదు ఆఫీసు నెలకి రెండే రోజులు తెరుస్తారు, మొదటి సోమవారం, మూడో సోమవారం. పనిదినాల్లో లైన్లో నిలబడాలి. రాజ్యాంగం మీద ప్రశ్నలడుగుతారు. జవాబు ఒప్పో తప్పో చెప్పేది ఆ గుమస్తానే. డాక్టర్లు, టీచర్లు కూడా "ఫెయిల్" అయ్యేవాళ్ళు. లైన్లో నిలబడ్డవాళ్ళ పేర్లు వాళ్ళ యజమానులకి చేరేవి.

అమీలియా బాయింటన్ ఆ ఊళ్ళో 1930ల నుంచీ ఓటరు నమోదు కోసం పనిచేస్తోంది. విద్యార్థి సంఘం ఎస్‌ఎన్‌సీసీ నుంచి బెర్నార్డ్ లఫాయెట్ 1963లో వచ్చాడు. 1964 జులైలో స్థానిక జడ్జి ముగ్గురు, అంతకు మించి కూడితే నేరమన్నాడు. కింగ్ 1965 జనవరిలో వచ్చేసరికే ఇంత జరిగింది.

నన్నడిగితే సెల్మాలో వంతెన కన్నా ముందు చూడాల్సింది కోర్టు భవనం మెట్లు. 1965 జనవరి 22న వందమందికి పైగా నల్లజాతి టీచర్లు తమ నాయకుడు ఎఫ్.డి. రీస్ వెంట ఆ మెట్ల దాకా నడిచారు. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళు అలా బయటికి రావడం అంతకుముందు లేదు. జైలుకైనా సిద్ధమేనని చూపడానికి చేతుల్లో టూత్‌బ్రష్‌లు పైకెత్తి పట్టుకున్నారు. షెరీఫ్ జిమ్ క్లార్క్ మనుషులు లాఠీలతో మెట్ల మీంచి నెట్టేస్తే మళ్ళీ ఎక్కారు. టీచర్లే వచ్చారంటే ఇక ఊళ్ళో ఇంట్లో కూర్చునేదెవరు?

ఫిబ్రవరి 18న పక్కనున్న మేరియన్ ఊళ్ళో జిమ్మీ లీ జాక్సన్ అనే యువకుణ్ణి రాష్ట్ర పోలీసు కాల్చాడు. ఎనిమిది రోజులకు అతను చనిపోయాడు. మాంట్‌గోమరీ దాకా నడిచి గవర్నర్ని నిలదియ్యాలన్న ఆలోచన అక్కణ్ణుంచి వచ్చింది. మార్చి 7, ఆదివారం. సుమారు 600 మంది, ముందు ఉద్యమ నాయకులు జాన్ లూయిస్, హోసియా విలియమ్స్. ఆ వంతెన మధ్యలో గూనులా లేచి ఉంటుంది. ఊరి వైపు నుంచి నడుస్తుంటే అటు చివర ఏముందో కనిపించదు. నడిమికి ఎక్కాకే కింద బారులు తీరిన పోలీసులు కనిపించారు. కనిపించాక కూడా ఊరేగింపు జనం ఆగలేదు. పోలీసులు వాళ్ళని కొట్టారు. మీరు నడిచేటప్పుడు ఆ ఎత్తు దగ్గర ఒక్క క్షణం నిలబడండి. వంతెనకు పేరు పెట్టింది అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం నిలపాలని పోరాడిన సైన్యంలోని జనరల్ ఎడ్మండ్ పెట్టస్‌ది. ఆ పేరు ఇప్పటికీ దాని నెత్తిమీద ఉంది.

రెండ్రోజుల తర్వాత కింగ్ మళ్ళీ జనంతో వంతెన దాటి, ప్రార్థన చేసి, వెనక్కి తిప్పాడు. ఫెడరల్ కోర్టు ఆపమన్న ఉత్తర్వు ఉంది. కుర్రవాళ్ళు కోప్పడ్డారు. కానీ అదే కోర్టులోని జడ్జి ఫ్రాంక్ జాన్సన్ తర్వాత ఊరేగింపుకు అనుమతిచ్చాడు. హైవే రెండు లేన్లకు ఇరుకైన చోట 300 మందికి మించకూడదని షరతు పెట్టాడు. మార్చి 21న బయల్దేరి, 54 మైళ్ళు నడిచి, 25న మాంట్‌గోమరీ చేరారు. అప్పటికి 25,000 మంది. ఆ రాత్రే జనాన్ని కార్లో దింపుతున్న వయోలా లియూజో అనే గృహిణిని హైవే మీద కాల్చి చంపారు. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం మీద సంతకం పడింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో షెరీఫ్ క్లార్క్ ఓడిపోయాడు.

సెల్మా నుంచి మాంట్‌గోమరీ వెళ్ళే హైవే 80 మీద లౌన్డెస్ కౌంటీ వస్తుంది. టూర్ బస్సులు దీన్ని ఎక్కువగా దాటేస్తాయి. ఆపమనండి. అప్పట్లో ఇక్కడ జనాభాలో 80 శాతం నల్లవాళ్ళు. 1965 మొదట్లో వాళ్ళలో ఒక్కరి పేరు కూడా ఓటరు జాబితాలో లేదు. చట్టం వచ్చాక పేరు నమోదు చేసుకున్న కౌలు రైతుల్ని భూస్వాములు ఇళ్ళలోంచి వెళ్ళగొడితే, వాళ్ళు రోడ్డు పక్క డేరాలు వేసుకుని ఉన్నారు. ఆ చోటే ఇప్పుడు నేషనల్ పార్క్ వాళ్ళ కేంద్రం ఉంది. ఎన్నికల గుర్తులు మనకే ఉన్నాయనుకుంటాం గానీ, చదువురానివాళ్ళ కోసం అలబామా బ్యాలెట్ మీద కూడా పార్టీ గుర్తు ఉండేది. అక్కడి డెమొక్రాట్ల గుర్తు తెల్ల కోడిపుంజు, దాని పక్కన తెల్లజాతి ఆధిపత్యమని రాసి ఉండేది. దానికి ఎదురుగా లౌన్డెస్ జనం పెట్టుకున్న సొంత పార్టీ గుర్తు నల్ల చిరుత. ప్రపంచమంతా తెలిసిన బ్లాక్ పాంథర్ పార్టీ బొమ్మ పుట్టింది ఈ పల్లెల్లో, ఓటు కోసం.

బర్మింగ్‌హామ్ నుంచి దక్షిణానికి వస్తుంటే షెల్బీ కౌంటీ దాటతారు. 1965 చట్టంలో అసలు పళ్ళు సెక్షన్ 5వి. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఓటు నియమాలు ఏవి మార్చాలన్నా ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలి. ఈ కౌంటీ వేసిన కేసులోనే 2013 జూన్ 25న సుప్రీంకోర్టు, ఏ ప్రాంతాలకు అది వర్తించాలో చెప్పే సూత్రాన్ని 5–4 తో కొట్టేసింది. సెక్షన్ కాగితం మీద మిగిలింది, పని ఆగిపోయింది. ఇక్కడ బస్సు దిగి చూడాల్సింది ఏమీ ఉండదు. గైడు చెప్పకపోతే దాటిపోయినట్టు కూడా తెలియదు. చెప్పమని అడగాలి.

ఒకే వీధిలో రెండు జ్ఞాపకాలు

మాంట్‌గోమరీలో డెక్స్‌టర్ ఎవెన్యూ చివర రాష్ట్ర కాపిటల్ భవనం. 1861లో బానిసత్వం కోసం తిరగబడ్డ దక్షిణ రాష్ట్రాల అధ్యక్షుడిగా జెఫర్సన్ డేవిస్ ప్రమాణం చేసిన చోట మెట్ల మీద ఒక ఇత్తడి నక్షత్రం పొదిగి ఉంటుంది. 1963లో గవర్నర్ వాలెస్ జాతి వేర్పాటు ఎప్పటికీ ఉంటుందని ప్రకటించింది ఇక్కడే. 1965లో నడిచొచ్చిన జనానికి కింగ్ మాట్లాడింది దాని ముందే, ఒక ట్రక్కు మీంచి. ఆయన పాస్టర్‌గా పనిచేసిన ఎర్ర ఇటుకల చర్చి అక్కడికి కూతవేటు దూరం. వీధి కింది చివర, ఫౌంటెన్ ఉన్న చౌరస్తాలో, ఒకప్పుడు మనుషుల్ని వేలం వేశారు. పార్క్స్ విగ్రహం ఉన్నది ఆ చౌరస్తా దగ్గరే. ఇదంతా పది నిమిషాల నడక.

ఊళ్ళోనే గుట్ట మీద 2018లో తెరిచిన స్మారకం ఉంది. లాయర్ బ్రయాన్ స్టీవెన్‌సన్ నడిపే సంస్థ కట్టింది. 1877 నుంచి 1950 దాకా మూకలు చంపిన 4,400 మందికి పైగా నల్లజాతీయుల కోసం. ఒక్కో కౌంటీకి ఒక్కో ఉక్కు స్తంభం, 800కు పైగా. దాని మీద పేర్లు, తేదీలు. మొదట స్తంభాలు మన ఎత్తులో ఉంటాయి. నడుస్తున్నకొద్దీ నేల కిందికి దిగుతుంది, స్తంభాలు పైన వేలాడుతూ మిగులుతాయి. సెల్మాలో ఓటరు లైన్లో నిలబడడానికి ఎందుకంత ధైర్యం కావలసివచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. అట్లాంటా చుట్టూ మనం ఇళ్ళు కొనుక్కున్న కౌంటీల పేర్లూ వాటిలో ఉన్నాయి, వెతికి చూడండి.

ఆ స్తంభాల మధ్య నాకు కారంచేడు, చుండూరు గుర్తొచ్చాయి. 1991 ఆగస్టులో చుండూరులో చంపేసిన దళితుల్ని వాళ్ళవాళ్ళు ఊళ్ళోనే పాతిపెట్టి ఆ చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. పిల్లల్ని అలబామా తీసుకొచ్చిన నేను, సెలవుల్లో తెనాలి దాకా వెళ్ళినప్పుడు అక్కడికి ఎందుకు తీసుకెళ్ళలేదన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

మనం ఇక్కడ ఉండడానికీ ఆ ఉద్యమానికీ నేరుగా సంబంధం ఉంది. 1965కు ముందు భారతదేశానికి అమెరికా ఇచ్చే వలస కోటా ఏడాదికి 100 మంది. పుట్టిన దేశాన్నిబట్టి మనుషుల్ని వడపోసే ఆ పద్ధతిని తీసేసిన చట్టం మీద 1965 అక్టోబర్ 3న సంతకం పడింది, ఓటుహక్కు చట్టం తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, అదే కాంగ్రెస్ చేత, అదే ప్రెసిడెంట్ జాన్సన్ చేత. ఇంట్లో దేశం గురించి మాట వచ్చినప్పుడు, "మనం కష్టపడి చదువుకుని వచ్చాం" అనేదానికి ముందు ఇది కూడా పిల్లలకి చెప్పాలని నా పట్టుదల.

టూర్ మాట్లాడుకునేటప్పుడు

నా ఓటు బర్మింగ్‌హామ్, సెల్మా, మాంట్‌గోమరీ వరుసకే. కాలం తారుమారైనా, ఊరేగింపు నడిచిన దిక్కులోనే మీరూ వెళ్తారు. బయల్దేరే ముందు 1955 కథ బస్సులో చెప్పించుకుంటే సరిపోతుంది. అలబామా గడియారం అట్లాంటా కన్నా గంట వెనక. కొన్ని మ్యూజియంలు సోమవారం మూసి ఉంటాయి, కాబట్టి లాంగ్ వీకెండ్‌లో సోమవారాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. చర్చిలు ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చోట్లు, ఆదివారం పొద్దున గుంపుగా వెళ్ళి ఫొటోలు తియ్యకూడదు. మూకహత్యల స్మారకాన్ని సాయంత్రం అలసటలో చూడొద్దు, పొద్దున పెట్టుకోండి. బాగా చిన్నపిల్లలుంటే పెద్దవాళ్ళు వంతులవారీగా వెళ్ళండి.

సెల్మా పేద ఊరు. 2023 జనవరిలో వచ్చిన టోర్నడో దాన్ని ఇంకా దెబ్బతీసింది. బస్సు వంతెన దగ్గర అరగంట ఆగి, ఫొటోలు దిగి, భోజనానికి మాంట్‌గోమరీ వెళ్ళిపోతే ఆ ఊరికి మిగిలేది డీజిల్ పొగ. భోజనం సెల్మాలోనే చెయ్యండి, స్థానిక గైడుని పెట్టుకుని డబ్బివ్వండి. సగం రోజైనా అక్కడ ఉండేలా చూసుకోండి.

1963లో బర్మింగ్‌హామ్ జైలుకెళ్ళిన పిల్లలకి, 1965లో వంతెన మీద దెబ్బలు తిన్న కుర్రవాళ్ళకి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు. ఫుట్ సోల్జర్స్ అని పిలుస్తారు వాళ్ళని. కొందరు ఇంకా గుంపులతో కూర్చుని మాట్లాడుతున్నారు. బుక్ చేసేటప్పుడే టూర్ వాళ్ళని అడగండి, ఆ రోజు అక్కడున్న మనిషి ఎవరైనా ఒక గంట కలుస్తారా అని. కలుస్తామంటే ఒక మ్యూజియం తగ్గించుకునైనా ఆ గంట ఖాళీ చేసుకోండి, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.